పానగల్ బావి దగ్గర శనగలు

దయ్యాలున్న చోటికి పోవద్దని వీపులు పగలగొట్టి మమ్మల్ని పెంచారు. ఇప్పుడేమో దయ్యాలను చూపిస్తాం రమ్మని ఫోన్లకు సందేశాలు పంపుతున్నారు. నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. నల్లగొండ గడియార స్తంభం దగ్గర నాకో చిన్న కుట్టు దుకాణం ఉంది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే కాలేజీ అమ్మాయిల పుణ్యమా అని ఊళ్లో ఏది కొత్తగా మొదలైనా ఆ కబురు నాకు చేరుతుంది. ఇదీ అట్లాగే చేరింది. "పానగల్ కథల నడక. ప్రతి శనివారం సాయంత్రం. గుళ్లో కదలని నీడ, చెరువు కట్ట మీద కొరివి దయ్యం, చేదబావి బాలింత. గట్టి చెప్పులు వేసుకొని రండి."

గట్టి చెప్పులట! దయ్యం తరిమితే ఉరకడానికి కాబోలు అనుకుంటూ, నవ్వుతుందని మా అమ్మకు పైకి చదివి వినిపించాను. మా అమ్మ దుకాణంలో నా పక్కనే కూర్చొని గుండీలు కుడుతుంది. డెబ్బై దాటినా కళ్లద్దాల అవసరం లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది, అదొక గర్వం ఆమెకు. ఆమె నవ్వలేదు.

"మల్లొకసారి సదువు," అన్నది.

"ఏది?"

"గా ఆఖరిది."

"చేదబావి బాలింత."

సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. "గామె మా అమ్మ," అన్నది.

నాకు అమ్మమ్మ లేదని తెలుసు. అమ్మ పొత్తిళ్లలో ఉన్నప్పుడే బావిలో పడి చనిపోయిందనీ తెలుసు. ఆమె దయ్యమై ఇంకా పానగల్‌లోనే ఉందని మాత్రం ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్లుగా నల్లగొండలో కాపురం ఉంటున్నాం. ఆటో ఎక్కితే పావుగంట కూడా పట్టని ఊరు. మా అమ్మ ఒక్కసారి కూడా అక్కడ అడుగు పెట్టలేదు. అటు పోయే బస్సు ఎక్కక తప్పకపోతే కొంగు ముఖం మీదికి లాక్కొని నిద్ర నటించేది.

కారణం లేకపోలేదు. మా అమ్మమ్మకు తల్లి లేదు, అందుకని కాన్పు పుట్టింట్లో కాకుండా పానగల్‌లో అత్తగారింట్లోనే అయింది. ఆమె పోయాక అన్న వచ్చి పసిగుడ్డును తిరుమలగిరికి ఎత్తుకుపోయాడు. ఆయన భార్య తన బిడ్డతో పాటు పాలిచ్చి పెంచింది. వాళ్లు అమ్మను ఏనాడూ ఒక్క మాట అనలేదు, కానీ జరిగిందేమిటో చెప్పనూ లేదు. చెప్పింది మరొకామె. చిన్నప్పుడు ఏదో పెళ్లిలో, అమ్మ వాళ్ల నాన్న వైపు ముసలామె ఒకతె అమ్మ గడ్డం పట్టుకొని పైకెత్తి చూసి, "ఆడివిల్ల వుట్టిందని నీ తల్లి బాయిల దుంకింది. గా పిల్లవు నువ్వేనా?" అన్నదట. పప్పు వడ్డిస్తున్నంత మామూలుగా అన్నదట. మా అమ్మ ఆ రోజు బంతిలో నుంచి అన్నం తినకుండానే లేచింది. ఆ మాటను ఒంటి మీద పుట్టుమచ్చలాగా ఇన్నేళ్లు మోసింది.

"నేను వోత," అన్నది. "ఆమె దుంకిందా, కాలు జారి వడ్డదా? గదొక్కటే నాకు దెల్వాలె."

"అమ్మా, వాళ్లు చెప్పేవి కట్టుకథలే. నిజం వాళ్లకేం తెలుస్తది?"

"నిజం ఎర్కున్నోళ్లు అందరు సచ్చిపోయిండ్రు గదనే. కథన్న మిగిలింది, గదన్న ఇననియ్యి."

జవాబు లేకపోతే నాకు కోపం వస్తుంది, ఆ కోపంతోనే ఇద్దరి పేర్లూ రాయించాను.

నడక గుడి దగ్గర మొదలైంది. ఇంకా ఎండ పూర్తిగా పోలేదు. నడిపించే అమ్మాయి హుజూర్‌నగర్ వైపు పిల్ల, డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతుందట. చేతిలో బ్యాటరీ లాంతరు, భుజానికి సంచి, నోటి నిండా నవ్వు. తిట్టుకుందామని వచ్చిన నాకు ఆ నవ్వు చూసి సగం కోపం అక్కడే దిగిపోయింది. మిగతావాళ్లలో హైదరాబాద్ నుంచి కారులో వచ్చిన దంపతులు, కొందరు కాలేజీ పిల్లలు, ఒక పింఛనీ సారు ఉన్నారు. అందరిలో పెద్దది మా అమ్మే. "అవ్వా, నడవగలవా?" అని ఆ అమ్మాయి అడిగితే, "నువ్వు నడువు బిడ్డా, నేను నీ ఎనుకనే ఉంట," అని కొంగు నడుముకు దోపింది.

గర్భగుడిలో గోడ మీద ఒక నీడ పడుతుంది. పొద్దు ఎటు తిరిగినా ఆ నీడ మాత్రం తిరగదు. ఏ స్తంభానిదో చెప్పండని ఆ అమ్మాయి మమ్మల్ని వదిలేసింది. ఇక చూడండి మా అవస్థ! ఒక్కొక్కరం ఒక్కో స్తంభం దగ్గర నిలబడి చేతులు ఊపుతున్నాం, లోపలున్నవాళ్లు "కదల్లేదు, కదల్లేదు" అని అరుస్తున్నారు. నేనైతే రెండు చేతులూ చాపి కోడిపెట్టలాగా రెక్కలు కొట్టాను. నీడ చెక్కు చెదరలేదు. వెలుతురు ఎన్ని దిక్కుల నుంచి వచ్చి ఎట్లా కలుస్తుందో ఆ పిల్ల తర్వాత వివరంగా చెప్పింది. సగం అర్థమైంది. అర్థం కాని సగమే నాకు ఎక్కువ నచ్చింది.

మా అమ్మ మాత్రం గడప దగ్గరే నిలబడి, "బాయి ఎటు దిక్కున్నది?" అని అడిగింది.

తర్వాత చెరువు కట్ట. పూర్వం చీకటి పడ్డాక ఈ కట్ట మీద నిప్పు నడిచేదని, మనిషి కనిపించేవాడు కాదని, కొరివి దయ్యమని జనం ఇటు వచ్చేవాళ్లే కాదని ఆ అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది. కాలేజీ పిల్లలు ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. అంతలో పింఛనీ సారు, "దయ్యం లేదు, పాడు లేదు. చేపలు పట్టేటోళ్లు దివిటీలు పట్టుకొని తిరిగేది. మా నాయిన జూసిండు," అనేశాడు. హాయిగా నవ్వుకోవాల్సిన మాట. కానీ విచిత్రం, నాకు ఉసూరుమనిపించింది. దయ్యాలను నమ్మని దాన్ని, ఒక దయ్యం తగ్గిపోయిందని బాధపడ్డాను. ఇదేం బుద్ధే నీకు, అని నన్ను నేనే తిట్టుకుంటూ నడిచాను. నీళ్ల మీది నుంచి చల్లగాలి కొడుతుంటే మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది. చలికేమో అనుకున్నాను, కానీ ఆమె అరచెయ్యి చెమటతో తడిసి ఉంది.

బావి ఊళ్లోనే ఒక సందు చివర ఉంది. పెద్ద రాతి బావి. నల్లాలు వచ్చాక ఎవరూ తోడడం లేదు, పైన ఇనుప జాలి బిగించారు. గిరక పోయింది, దాన్ని మోసిన రెండు రాతి స్తంభాలు మిగిలాయి. గట్టు రాళ్ల మీద తాళ్లు ఒరుసుకొని ఒరుసుకొని వేలు పట్టేంత గాడులు పడ్డాయి. మా అమ్మ వంగి ఒక గాడిలో వేలు పెట్టింది. ఎదురింటి అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చొని ఉంది. ప్రతి శనివారం ఈ తతంగం చూడటం ఆమెకు అలవాటైనట్టుంది, మమ్మల్ని చూసి వక్క నములుతూ జరిగి కూర్చుంది.

లాంతరును గట్టు మీద పెట్టి ఆ అమ్మాయి మొదలుపెట్టింది.

"చాలా ఏండ్ల కింద ఈ ఊళ్లో ఒక బాలింత ఉండేదట. మొదటి కాన్పుల ఆడపిల్ల పుట్టింది. అత్తగారింట్ల ఎవ్వరికీ ఇష్టం లేదు. పురుడు వెళ్లిందో లేదో, ఒకరోజు దీపాలు పెట్టే యాళ్లకు ఒక్కతే ఈ బావి కాడికి వచ్చి దుంకింది. అప్పటి నుంచి మాపటి పూట ఇటు ఎవరు వచ్చినా ఎదురైతదట. కాళ్లకు పసుపు ఉంటది. కొంగుల శనగలు ఉంటయి. 'తీసుకో, తినిపో' అని గుప్పెడు తీసి చెయ్యి చాపుతదట. తీసుకున్నోళ్లకు తెల్లారేసరికి జ్వరం. అందుకే ఈ సందుల నడిచేటోళ్లు ఇప్పటికీ పిడికిలి మూసుకొని పోతరు. మీరు కూడా జర చేతులు మూసుకోండి."

అందరూ నవ్వుతూనే పిడికిళ్లు బిగించారు. దాచడం ఎందుకు, నేనూ బిగించాను. హైదరాబాద్ ఆయన ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు. మా అమ్మ ముఖం వైపు చూడాలంటే నాకు భయమేసింది. వద్దు మొర్రో అంటే వినకుండా వచ్చింది, ఇప్పుడు చూడు, ఊరంతటి ముందు అదే మాట మళ్లీ వినాల్సి వచ్చింది. ఆడపిల్ల పుట్టిందని దుంకింది. ఆ పెళ్లిలో ముసలామె అన్న మాటే, ఇప్పుడు లాంతరు వెలుగులో, చక్కని గొంతుతో.

"ఇక పోదాం పా," అని చెయ్యి పట్టుకున్నాను. ఆమె విదిలించుకుంది.

"బిడ్డా," అన్నది ఆ అమ్మాయితో, "గా శనగలు నానవెట్టినయా, ఏయించినయా?"

అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. ఇన్ని శనివారాలు చెప్పినా ఎవరూ అడగని ప్రశ్న అది కాబోలు, కళ్లు పెద్దవి చేసి, "తెల్వదు అవ్వా. నాకు ఈ కథ చెప్పింది గా అరుగు మీది అవ్వనే. అడుగుదాం," అని అందరినీ అటు తిప్పింది.

"నానవెట్టినయే," అన్నది ముసలమ్మ, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు. "దయ్యంది నాకెర్క లేదు తల్లీ, నేను జూడలే. మా అత్త జూసింది నిజం శనగలను. పొద్దుగాల్ల నీళ్లకు వోతే గట్టు మీద పసుపు, కుంకుమ. సుట్టూ శనగలు సెల్లాసెదురు వడి ఉన్నయంట, ఉబ్బినయి. తాడుతోని సహా చేద బాయిల ఉన్నది. లోపలికి తొంగి జూసి బొబ్బ వెట్టింది మా అత్త. బతికున్నన్ని దినాలు చెప్పేది."

అప్పుడు నాకు నా నల్లా గుర్తొచ్చింది.

నాకు బిడ్డ పుట్టినప్పుడు మేము కిరాయి ఇంట్లో ఉన్నాం, ఆ వాడలో బావి లేదు. పురుడు వెళ్లేదాకా బాలింత బావిని ముట్టకూడదు. వెళ్లాక ఒక మంచి రోజు చూసి, ముత్తయిదువలు పొద్దున్నే ఆమెను బావి దగ్గరికి తీసుకుపోతారు. ఆమె గట్టుకు పసుపు కుంకుమ పెట్టి, బిడ్డ పేరు మీద చేద వేసి నీళ్లు తోడి, నానబెట్టిన శనగలు అందరికీ పంచుతుంది. బావి లేకపోతేనేం, మా అమ్మ ఊరుకుంటుందా! వాకిట్లో ఉన్న నల్లాకు నా చేత పసుపు రాయించి, బొట్టు పెట్టించి, బిందె పట్టించి, వాడ వాడంతా శనగలు పంచింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. "ఆడివిల్లకు గింత ఆర్భాటం ఎందుకమ్మా?" అని పక్కింటామె అంటే, మా అమ్మ ఆమె చేతిలో రెండు గుప్పిళ్లు ఎక్కువే పోసింది.

బావి గట్టు మీది పసుపు, కుంకుమ, చేద, శనగలు. చావడానికి వచ్చిన మనిషి ఇవన్నీ ఎందుకు తెస్తుంది?

మా అమ్మ నాకన్నా ముందే ఆ ప్రశ్న దగ్గరికి చేరింది. అరుగు దగ్గరికి పోయి ముసలమ్మ ముందు నిలబడింది. "ఒక్కతే ఎందుకు వచ్చింది? గదీ మాపటీలి. చేద ఏసుడు ఆడోళ్లందరు వోయి పొద్దుగాల్ల జేస్తరు గద?"

"ఎవరు జేస్తరు? ఆడివిల్లకు చేద ఏందని ఆమె అత్త ఒద్దన్నదంట. తల్లి లేని పిల్ల, ఎవరు అడుగుతరు? ఎవరికి జెప్పకుండ తానే వచ్చినట్టుంది. గా జాగల మస్తు పాకురు వట్టి ఉండేది, మా అత్త గూడ రెండుసార్లు జారింది."

"మరి దుంకిందని ఎందుకన్నరు?"

ముసలమ్మ వక్క ఉమ్మింది. ఈ ప్రశ్న ఆమెకూ కొత్తే. "ఆడివిల్లను గన్నది బాయిల దేలితే ఇంకేమనుకుంటరు చెల్లె? అందరు గదే అనుకున్నరు. మేము గూడ గదే అనుకున్నం."

నేనే నోరు తెరిచాను. నాకు ఇటువంటి సమయాల్లో పనికిరాని తెలివి పుట్టుకొస్తుంది. "అమ్మా, ఎప్పటి మాటలో ఇవి. ఒకరు చెప్పంగ ఒకరు విన్నవి. అవునో కాదో..."

"ఏందే అవునో కాదో?" మా అమ్మ నా మీద గయ్యిమని లేచింది. "శనగలు అప్పటికప్పుడు నానుతయా? ముందటి రాత్రే నానవెట్టాలె. సావవోయేటామె రేపటికి శనగలు నానవెడ్తదా? నువ్వు జెప్పు!"

నాకు కళ్ల ముందు ఒక గిన్నె కనిపించింది. ఎవరూ చూడకుండా ఏ మూలనో దాచి, మీద నీళ్లు పోసి, పొద్దున్నకు ఉబ్బాయా లేదా అని మూత తీసి చూసుకున్న ఒక ఇరవై ఏళ్లయినా నిండని పిల్ల. ఒళ్లో నా తల్లి. ఏడుపు ఆగలేదు నాకు. నడిపించే అమ్మాయికి అప్పటికి విషయం అర్థమైంది. లాంతరు తీసుకొని మా అమ్మ దగ్గరికి వచ్చి, "అవ్వా, ఆమె నీకేమైతది?" అని మెల్లగా అడిగింది.

"గా ఆడివిల్లను నేనే బిడ్డా."

ఫోన్ పట్టుకున్న ఆయన చెయ్యి కిందికి దించాడు.

మా అమ్మ బావి వైపు తిరిగింది. నడక మొదట్లో నడుముకు దోపిన కొంగు లాగి, రెండు చేతులతో పట్టి, జాలి మీదికి చాపింది. ఏడ్వలేదు. దండం పెట్టలేదు. దుకాణంలో బేరానికి వచ్చినదానిలాగా, "ఇయ్యి," అన్నది. తర్వాత ఖాళీ కొంగుకు ముడి వేసుకుంది. మిగతా నడకలో సందేశంలో రాయని కథలు ఇంకా రెండున్నాయట. ఎవరూ అడగలేదు.

ఇంటికి వచ్చేదాకా ఆ ముడి విప్పలేదు. ఆటోలో ముఖం మీదికి కొంగు లాక్కోలేదు, రోడ్డు పొడుగునా చూస్తూ వచ్చింది. ఈ దుకాణం ఎప్పుడు వచ్చింది, ఆ చెట్లు ఎవరివి, కొత్త ఊరికి వచ్చిన పిల్లలాగా ఒకటే ప్రశ్నలు. పడుకోబోతూ నన్ను పిలిచి, "వచ్చే శుక్రారం మాపు గుర్తు జెయ్యి. శనగలు నానవెట్టాలె," అన్నది.

గుర్తు చేయాల్సిన పని పడలేదు. శుక్రవారం నేను దుకాణం మూసి ఇంటికి వచ్చేసరికి పెద్ద గిన్నె నిండా శనగలు, మీద మూత. నీళ్లు తాగడానికి లేచినప్పుడల్లా మూత తీసి చూస్తూనే ఉంది.

ఆ శనివారం ఆ అమ్మాయి కథ కొంచెం మార్చి చెప్పింది. పసుపు అట్లాగే ఉంది, శనగలు అట్లాగే ఉన్నాయి. దుంకింది అన్న చోట "కాలు జారింది" అన్నది, చేద వేయడం గురించి చెప్పింది. అయినా పిడికిళ్ల సంగతి వచ్చేసరికి జనం ఎప్పటిలాగే పిడికిళ్లు మూసుకున్నారు. అంత తొందరగా పోయే భయమా అది! సరిగ్గా అప్పుడే మా అమ్మ గిన్నె మూత తీసి, గట్టుకు బొట్టు పెట్టి, వాళ్ల వైపు తిరిగింది. కాళ్లకు పసుపు రాసుకొని ఉంది. గుప్పెడు శనగలు తీసి చెయ్యి చాపింది.

మనుషులు నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశారు. ముందు వరుసలో ఉన్న ఒక పడుచు పిల్ల చేతులు వెనక దాచుకుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అరుగు మీది ముసలమ్మ మాత్రం, "నాకు రెండు గుప్పిళ్లు వెట్టు చెల్లె, మెత్తగనే ఉన్నయా?" అని అక్కడి నుంచే కేకేసింది.

మా అమ్మ చాపిన చెయ్యి దించలేదు. ఆ పిల్లనే చూస్తూ అన్నది:

"తీస్కో బిడ్డా, ఏం గాదు. నేను వుట్టిన్నని మా అమ్మ పంచుతాంది."

ఆ పిల్ల చెయ్యి తెరిచింది.